టేకుముల్లు

గ్రీకు ఓడవాడొకడు చెప్పాడు.
బెర్తు దొరక్క తొమ్మిది రోజులు
ఔటర్ హార్బర్ బయట లంగరేసుకున్న ఓడ.
లాంచీలో మంచినీళ్లూ ఉల్లిపాయలూ ఎక్కించేవాణ్ణి నేను.
వాడి ఇంగ్లీషు సగం, నాది పావు,
మిగిలిన పావూ చేతులతో కానిచ్చాం.

పదేళ్లు యుద్ధం చేసి, పదేళ్లు నీళ్లమీద తప్పిపోయి
ఇల్లు చేరిన వీరుడి కథ అందరూ చెప్తారట.
తర్వాతి కథ ఎవరూ చెప్పరట.
దారిలో ఒక దీవి, దీవిలో ఒక మంత్రగత్తె, ఆవిడకో కొడుకు.
పేర్లు నాకు నోరు తిరగలేదు. ఆ కొడుకు పేరుకి మాత్రం
దూరాన పుట్టినవాడని అర్థమట.
అయ్యని వెతుక్కుంటూ వచ్చి, ఆకలికి
ఎవరివో పశువుల్ని తోలుకుపోతూ
అడ్డొచ్చిన ముసలాణ్ణి బల్లెంతో పొడిచాడు.
బల్లెం మొనకి ఇనుము లేదు.
మరేముంది? అన్నాను.
డెక్కు మీద సుద్దముక్కతో గీశాడు:
గాలిపటం లాంటి ఒళ్లు, కొరడా లాంటి తోక,
తోక మొదట్లో రంపం.

ఆపైన నాకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

మా అయ్య గరికిన ఎల్లాజీ.
తుపాను రాత్రి పదకొండు మందిని అలల్లోంచి లాగాడని
పెదజాలారిపేటలో ఏ గుంటణ్ణి అడిగినా చెప్తాడు.
పన్నెండోవాడి సంగతి అయ్యే చెప్పేవాడు, తాగినప్పుడు.
తుపానుకి ముందు ఏడేళ్లు పూరీ ఒడ్డున వేట.
ఆ ఏడేళ్లనీ అమ్మ ఉప్పుచేపలా చుట్టి
అటకమీద పెట్టేసింది.
వాసన ఆగుతుందా?

వేట నిషేధం ఎత్తేసిన వారం
బోటు మీదికి కొత్త కలాసీ వచ్చాడు, నీలాద్రి.
తెలుగు మాట్లాడితే చివర్లో ఒడియా తేలేది.
నడిస్తే ఎడమ మడమ ఈడ్చేవాడు
అచ్చం అయ్యలాగే.
నేను చూశాను. ఏమీ అనలేదు.

వల విదిలించింది వాడే.
చీకట్లో టేకు జారింది, అయ్య కాలు దానిమీదే పడింది.
షుగరు ఒళ్లు. కేజీహెచ్‌లో పందొమ్మిది రోజులు:
ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలు,
తర్వాత తీయడానికి మనిషే లేడు.

పెద్దదినం నాడు గుమ్మంలో నిలబడి
గుడ్డలో చుట్టిన ముల్లు అమ్మ ముందు పెట్టాడు.
నేనూ ఆయన కొడుకునే అన్నాడు.
ఆయనకి చెప్పావా? అన్నాను.
రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను అన్నాడు.
అమ్మ వాడి మొహం కాదు, మడమ చూసింది.
"కూసో. కూడు తిను" అంది.
నేను ఆ రోజు తినలేదు.

ఇదంతా అయిన ఆర్నెల్లకి ఆ ఓడ వచ్చింది.
కథ చివర ఇంటికి తెచ్చాను:
చిన్నోడు పెద్దోడి తల్లిని పెళ్లాడాడట,
పెద్దోడు చిన్నోడి తల్లిని.
గ్రీకువాడు రొమ్ము మీద చెయ్యేసుకుని ఒట్టేశాడు.
అమ్మ నవ్వింది. అయ్య పోయాక అదే మొదటిసారి,
కళ్లనీళ్లు వచ్చేదాకా.
"ఓలమ్మో, ఆలేటి మనుషుల్రా!"
మంత్రగత్తె అందరికీ చావు లేకుండా చేసిందట అన్నాను.
"సావు లేకపోతే మరి
రోజూ కూడెవులొండినారు?"

ఆ రాత్రే నీలాద్రి ఫోనులోంచి
పూరీ ఆవిడతో మాట్లాడింది అమ్మ.
గంటసేపు ఇద్దరూ కలిసి అయ్యని తిట్టారు.
మేమిద్దరం బయట దోనె మీద కూర్చుని
వినపడనట్టు బీడీ కాల్చాం, ఒకే బీడీ.

బోటులో వాటా ఇంకా తేలలేదు.
ముల్లు చూరులో ఉంది,
పిల్లలు దాని పళ్లు లెక్కపెడతారు, ఎప్పుడూ లెక్క కుదరదు.
మొన్న జూన్‌లో నీలాద్రి కూతుర్ని బడిలో వేశాం,
ఇంటిపేరు గరికిన అని నేనే చెప్పాను.
ఎక్కడ పుట్టింది? అంది టీచరు.
దూరాన, అన్నాను.
ఆవిడ పెన్ను ఆపి చూసింది.
పూరీ అని రాసుకోండమ్మా, అన్నాడు వాడు.